లినక్సు ఉచితమే, మరి ఆ పదిహేను వందలెందుకు?

(ఈ శీర్షికకు జవాబులు రాస్తున్నవారు అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబు బాధ్యురాలు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విండోస్‌కు బదులు కంప్యూటర్లో వేసుకునే లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టం గురించే కాబట్టి మిగతావి వచ్చే సంచికకు ఉంచాం.)

ప్రశ్న: అక్కా, మాది గుంతకల్లు. ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెబుతా. నా ల్యాప్‌టాప్ ఐ3 ఆరో తరం, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్కు. విండోస్ 10కి ఇక అప్‌డేట్లు రావంటున్నారు, 11 ఎక్కదంటున్నారు. షాపులో అడిగితే "లినక్సు వేస్తాం, లైసెన్సుకు పదిహేను వందలు, కూలి వేరే" అన్నారు. లినక్సు ఉచితమని విన్నానే! నేనే వేసుకోగలనా?

జవాబు: షాపాయన కూలి అడిగితే తప్పు లేదు చెల్లీ. గంటసేపు కూర్చుని చేసే పనికి ఎవరైనా డబ్బు తీసుకుంటారు. లైసెన్సు అన్నాడు చూడు, పేచీ అంతా అక్కడే. లినక్సు కెర్నలు, అంటే మిషన్‌ను నడిపే దాని గుండెకాయ, జీపీఎల్ అనే లైసెన్సు కింద వస్తుంది. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, కాపీ చేసి పక్కింటివాళ్లకు ఇవ్వొచ్చు, సోర్సు కోడు తెరిచి మార్చుకోవచ్చు. పెన్‌డ్రైవులో పెట్టి అమ్ముకున్నా అడ్డులేదు. కానీ వాడుకునే హక్కు కోసం నువ్వు ఎవరికీ పైసా కట్టాల్సిన పని లేదు. ఈసారి వెళ్తే "కూలి ఎంతో చెప్పన్నా, లైసెన్సు సంగతి నేను చూసుకుంటా" అను.

విండోస్ గురించి విన్నది నిజమే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. 11కి ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరం, దాంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలని షరతు. నీ ఆరో తరం మిషన్‌ను అది అధికారికంగా ఒప్పుకోదు. అంతమాత్రాన దాన్ని పాతసామాన్ల బండికి వేయనక్కర్లేదు.

లినక్సులో చాలా రకాలున్నాయి. నీకు నా సలహా లినక్స్ మింట్, అందులోనూ తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న రకం. సిన్నమన్ అని ఇంకోటుంది, చూడ్డానికి బాగుంటుంది గానీ 4 జీబీ ర్యామ్‌లో బ్రౌజర్ తెరిచి నాలుగు ట్యాబులు పెడితే ఆయాసపడుతుంది. మింట్ 22 వరుసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. దాన్ని ఎక్కించడానికి దించుకోవాల్సిన ఐఎస్ఓ ఫైలు దాదాపు 3 జీబీ. మింట్ సొంత సైటులోకి వెళ్లి, అక్కడిచ్చిన లింకుతోనే దించుకో. దించాక షా256 మొత్తాన్ని, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తును, సరిచూడాలి. సైటులో 64 అక్షరాల వరుస ఒకటి ఇస్తారు. విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్ ఆదేశంతో నీ ఫైలుకూ అట్లాంటి వరుస తెప్పించి, రెండూ ఒకటేనా కాదా చూడు. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫైలు పారేసెయ్. ఇదంతా చాదస్తం అనుకోకు. 2016 ఫిబ్రవరిలో మింట్ సైటునే ఎవరో హ్యాక్ చేసి, దొంగదారి పెట్టిన ఐఎస్ఓకు లింకు మళ్లించారు. 

ఆ ఐఎస్ఓను పెన్‌డ్రైవులోకి మామూలుగా కాపీ పేస్టు చేస్తే మిషను బూట్ కాదు. ల్యాబులో ప్రతి ఏడూ ఎవరో ఒకరు అదే చేసి, "మేడం, పెన్‌డ్రైవు చెడిపోయింది" అని వస్తారు. దానికి రూఫస్ గానీ, బలేనా ఎచర్ గానీ, ఐఎస్ఓను బూట్ అయ్యేట్టు పెన్‌డ్రైవులో రాసే ప్రోగ్రాము వాడాలి. 8 జీబీ పెన్‌డ్రైవు చాలు. అందులో ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, పెళ్లి ఫొటోలుంటే ముందే తీసిపెట్టుకో.

తర్వాత మిషన్ ఆపి, పెన్‌డ్రైవు గుచ్చి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9. ఏసర్‌లోనూ ఎఫ్12నే, కాకపోతే చాలా మోడళ్లలో బయోస్ అనే మిషను మొదటి సెట్టింగ్స్ తెరలోకి వెళ్లి ఆ మెనూను ముందు ఎనేబుల్ చేయాలి. ఒకసారి నొక్కి వేలు తీసేస్తే విండోస్ వచ్చేస్తుంది. ఆన్ బటన్ వదిలినప్పటి నుంచి టకటకా నొక్కుతూనే ఉండు.

ఇప్పుడు అసలు సంగతి. మింట్ డెస్క్‌టాప్ వచ్చిందంటే లినక్సు ఎక్కిపోయిందని కాదు. అది ఇంకా పెన్‌డ్రైవు మీదే నడుస్తోంది, నీ హార్డ్ డిస్కును ముట్టుకోలేదు. దీన్ని లైవ్ అంటారు. చాలామంది ఇక్కడ ఒక్క నిమిషం ఆగకుండా "ఇన్‌స్టాల్ లినక్స్ మింట్" బొమ్మ మీద డబుల్ క్లిక్ చేసేస్తారు. నువ్వు మాత్రం ఒక పూట దీని మీదే పని చేసి చూడు. వైఫై దొరుకుతోందా? ఆన్‌లైన్ క్లాసు తీసుకుంటావేమో, కెమెరా, మైకు పని చేస్తున్నాయా? మూత మూసి తెరిస్తే మిషను మళ్లీ లేస్తోందా? ప్రింటర్ తగిలించి ఒక కాగితం తీయ్. మీ ప్రశ్నపత్రాల వర్డ్ ఫైళ్లను మింట్‌లో ఉండే వర్డ్ లాంటి లిబ్రేఆఫీసులో తెరువు. మామూలు పేరాలు చక్కగానే వస్తాయి. టేబుళ్లలో టేబుళ్లు పెట్టినవి, లెక్కల గుర్తులు ఇరికించినవి కాస్త పక్కకు జరగొచ్చు. పెన్‌డ్రైవు మీద కాబట్టి నెమ్మదిగా నడుస్తుంది, దాన్ని లెక్క పెట్టకు. ఏది పని చేయకపోయినా పెన్‌డ్రైవు పీకేసి మిషను ఆన్ చేస్తే నీ విండోస్ నీకు అట్లాగే ఉంటుంది.

అంతా సరే అనిపిస్తే నీ ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకుని, ఆ డిస్కును ల్యాప్‌టాప్ నుంచి తీసేసి పక్క గదిలో పెట్టు. ఆ తర్వాతే ఇన్‌స్టాల్ మొదలుపెట్టు. భాష అడుగుతుంది, కీబోర్డు అడుగుతుంది, పాటలు, వీడియోలు ఆడించడానికి మల్టీమీడియా కోడెక్‌లు వేయాలా అంటుంది, టిక్కు పెట్టు. తర్వాత వచ్చే పేజీయే ముఖ్యం. విండోస్ పక్కన పెట్టాలా, డిస్కంతా తుడిచి పెట్టాలా అని అడుగుతుంది. తుడవమంటే ఏ డిస్కో చూపిస్తుంది. పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని ఉంటాయి, వాటిని చూసి తేల్చుకోవద్దు, పక్కనున్న సైజు చూడు. 500 జీబీ అంటే నీ హార్డ్ డిస్కు, 8 జీబీ అంటే నీ పెన్‌డ్రైవు. "ఇన్‌స్టాల్ నౌ" నొక్కాక కూడా ఏయే భాగాలు మారుస్తున్నామో రాసిన చిన్న పెట్టె ఒకటి వస్తుంది. అందులో "కంటిన్యూ" నొక్కేదాకా వెనక్కి రావచ్చు, నొక్కాక రాలేవు. ఊరు అడిగే చోట పటంలో గుంతకల్లు కోసం వెతకొద్దు, మన దేశానికంతా కోల్‌కతా ఒక్కటే. ఛార్జరు పెట్టే ఉంచు. బ్యాటరీ బాగా ఉంటే మధ్యలో కరెంటు పోయినా భయం లేదు. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్ అయితే యూపీఎస్ ఉన్న చోటికి తీసుకుపో.

ఆ పదిహేను వందలు ఖర్చు పెట్టాలనే ఉంటే ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్కు కొనడానికి దాచుకో. పాత మిషనుకు లినక్సు వేస్తే వచ్చే వేగం కన్నా హార్డ్ డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ వేస్తే వచ్చే వేగమే ఎక్కువ. ఎట్లాగూ కొత్తగా ఎక్కిస్తున్నావు కాబట్టి ముందు ఎస్ఎస్‌డీ వేయించి, దాని మీదే మింట్ పెట్టుకుంటే పాత హార్డ్ డిస్కు నీ ఫైళ్లతో సహా భద్రంగా పక్కన ఉంటుంది.

ప్రశ్న: మేడం, మాది ఉరవకొండ దగ్గర పల్లె. ఫోన్లో డేటా రోజుకు 1.5 జీబీ. 3 జీబీ ఫైలు ఎట్ల దించాలి? సగంలో సిగ్నల్ పోతే మళ్లీ మొదటి నుంచి వస్తాంది. మా నాయనేమో "ఉబుంటు వాళ్లు సీడీ పోస్టులో పంపుతారు, రాసుకో" అంటాండాడు.

జవాబు: మీ నాయన చెప్పింది ఒకప్పటి నిజం. ఉబుంటు కూడా మింట్ లాంటి లినక్సు రకమే. వాళ్లు అడిగినవాళ్లందరికీ ఏ దేశమైనా సరే పోస్టు ఖర్చు కూడా తీసుకోకుండా సీడీలు పంపేవాళ్లు. 2011లో ఆ పథకం ఎత్తేశారు.

నువ్వు బ్రౌజర్లో కాకుండా, ఫైలును ముక్కలు ముక్కలుగా దించే టోరెంటుతో దించు. టోరెంటు అనగానే దొంగ సినిమాలు గుర్తొస్తాయి గానీ మింట్, డెబియన్, ఉబుంటు లాంటి లినక్సు రకాల వాళ్లే తమ సైట్లలో టోరెంటు లింకులు అధికారికంగా ఇస్తారు. సిగ్నల్ పోతే ఆగుతుంది, వస్తే ఆగిన చోటి నుంచి సాగుతుంది. దించిన ప్రతి ముక్కనూ తనే సరిచూసుకుంటుంది. రోజు కోటా అయిపోతే ఆపేసి మర్నాడు మళ్లీ నడుపు.

డెబియన్ నెట్‌ఇన్‌స్ట్ అని ఇంకో ఫైలుంది, ఒక జీబీ లోపే. అది చూసి ఆశపడకు. అందులో ఉండేది పునాది మాత్రమే. డెస్క్‌టాప్, ఆఫీసు, బ్రౌజర్ అన్నీ ఇన్‌స్టాల్ జరిగేటప్పుడే నెట్ నుంచి లాగుతుంది. సగంలో నీ కోటా అయిపోతే అర్ధాంతరంగా కూర్చుంటావు. బ్రాడ్‌బ్యాండు ఉన్న ఇంట్లో అయితే బంగారం లాంటిది, మీ పల్లెలో వద్దు.

అన్నిటికన్నా సులువైన దారి ఇంకోటుంది. ఉరవకొండలోనో, ఇక్కడ అనంతపురంలోనో లినక్సు వాడే స్నేహితుడుంటే అతని ఐఎస్ఓ కాపీ చేసుకో. ఇందులో దొంగతనం ఏమీ లేదు, కాపీ చేసి పంచుకోవచ్చని లైసెన్సే చెబుతోంది. షా256 మాత్రం సైటులో ఉన్నదాంతో సరిచూసుకో. ఆ పేజీ తెరవడానికి డేటా పెద్దగా అవసరం పడదు.

ప్రశ్న: తాడిపత్రి నుంచి రాస్తున్నా అక్కా. మింట్ వేసుకున్నా, అంతా బాగుంది, వైఫై ఒక్కటే కనబడదు. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాల, నెట్ రావాలంటే డ్రైవర్ కావాల. ఏం చేయాలప్పా దీన్ని?

జవాబు: ఫోన్ కేబుల్ తీసుకో తమ్ముడూ. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి, సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ కింద ఉండే "యూఎస్‌బీ టెదరింగ్" ఆన్ చెయ్. మింట్ దాన్ని కేబుల్ నెట్ అనుకుని దానంతటదే కలుపుకుంటుంది, డ్రైవరేమీ అడగదు. ఇక మెనూలో "డ్రైవర్ మేనేజర్" తెరువు. నీది బ్రాడ్‌కామ్ చిప్పు అయితే దానికి డ్రైవర్ పేరు అక్కడే కనబడుతుంది, ఎంచుకుని అప్లై నొక్కితే చాలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నీ మిషన్లో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే భద్రత) ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వస్తుంది, "మోక్ మేనేజ్‌మెంట్" అని ఉంటుంది. పది సెకన్లలో ఏదో ఒక మీట నొక్కకపోతే అది వెళ్లిపోతుంది. నొక్కాక మొదటి వరుసలో ఉండే "కంటిన్యూ బూట్" కాకుండా "ఎన్‌రోల్ మోక్"లోకి వెళ్లి, ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. ఆ నీలం తెర చూసి వైరస్ అనుకుని పవర్ బటన్ పట్టి ఆపేసినవాళ్లు మా ల్యాబులోనే ఉన్నారు. అట్లా ఆపేస్తే డ్రైవర్ డిస్కులో ఉంటుంది గానీ కెర్నలు దాన్ని లోపలికి రానివ్వదు.

ప్రశ్న: హిందూపురం నుంచి. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్సు రెండూ ఉన్నాయి. లినక్సు వాడి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక ఉంటోంది. బ్యాటరీ మార్చినా అంతే.

జవాబు: బ్యాటరీ తప్పేమీ లేదు. మదర్‌బోర్డు గడియారంలో లినక్సు అంతర్జాతీయ సమయం రాసిపెడుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. మనకూ దానికీ తేడా ఐదున్నర గంటలే కదా. లినక్సు టెర్మినల్లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశానికి "సెట్ లోకల్ ఆర్‌టీసీ, 1" అనే ఆప్షన్ ఇస్తే అదీ మన సమయమే రాస్తుంది. పనిలో పనిగా విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో "ఫాస్ట్ స్టార్టప్" ఆపెయ్యండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆగదు, లినక్సు నుంచి ఆ డ్రైవులో ఏమీ రాయలేరు.

ప్రశ్న: ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసి ఇస్తాను మేడం. జకార్డు అట్టలకు డిజైను తయారుచేసే సాఫ్ట్‌వేర్ విండోస్‌దే, డాంగిల్ (తాళంచెవి లాంటి యూఎస్‌బీ ముక్క) తగిలిస్తేనే తెరుచుకుంటుంది. మా అబ్బాయి "నాన్నా, లినక్సు వేసేద్దాం, వైరస్ రాదు" అని పట్టుబడుతున్నాడు.

జవాబు: వద్దండీ. అన్నం పెట్టే సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడిచేటప్పుడు ఆ మిషన్ జోలికి పోకూడదు. వైన్ అనే ప్రోగ్రాముతో కొన్ని విండోస్ సాఫ్ట్‌వేర్లు లినక్సులో నడుస్తాయి గానీ డాంగిల్ ఉన్నవి చాలావరకు మొరాయిస్తాయి. చేతిలో ఆర్డర్ పెట్టుకుని ప్రయోగాలెందుకు? ఆ మిషన్‌కు నెట్ కేబుల్ తీసేయండి, డిజైన్లు పెన్‌డ్రైవులోనే అటూ ఇటూ చేయండి, సగం వైరస్ భయం అక్కడే పోతుంది. మీ అబ్బాయి ఉత్సాహం పాడుచేయకండి, ఇంట్లో మూలపడ్డ పాత కంప్యూటరుంటే దాని మీద వేయనివ్వండి. మెయిల్, వాట్సాప్ వెబ్, బిల్లులు అందులో చూసుకోవచ్చు.

టాలీ మీద లెక్కలు రాసేవాళ్లకూ, వేలిముద్ర మిషన్లు పెట్టుకున్న మీసేవ సెంటర్ల వాళ్లకూ ఇదే జవాబు. మీ పరికరం కంపెనీ లినక్సు డ్రైవర్ ఇస్తుందో లేదో తెలుసుకోకుండా అడుగు వేయకండి.

ప్రశ్న: అనంతపురంలో బీటెక్ మూడో ఏడు. మా సీనియర్ ఒకాయన "లినక్సు అసలు యూనిక్స్ కాదు, ఫ్రీబీఎస్‌డీ వేసుకో" అంటున్నాడు. నా ల్యాప్‌టాప్ విండోస్ 11. వేసేయమంటారా?

జవాబు: మీ సీనియర్ మాటలో సగం సత్యం ఉంది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల చేతిలో మొదలైంది. దాని కోడు బర్కిలీ యూనివర్సిటీకి వెళ్లి, అక్కడ పెరిగి బీఎస్‌డీ అయింది. ఆ వంశంలో 1993లో పుట్టింది ఫ్రీబీఎస్‌డీ. లినక్సు అట్లా కాదు. హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో కెర్నలును సొంతంగా రాశాడు, రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లు దానికి తోడయ్యాయి. వంశం లెక్కన ఫ్రీబీఎస్‌డీదే పైచేయి. కానీ "యూనిక్స్" అనేది ఇప్పుడొక ట్రేడ్‌మార్కు, సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే ఆ పేరు పెట్టుకోవాలి. ఫ్రీబీఎస్‌డీకి అది లేదు, ఆపిల్ వాళ్ల మ్యాక్ ఓఎస్‌కు ఉంది! ఈ ముక్క మీ సీనియర్‌కు చెప్పి ఆయన ముఖం చూడు.

ఫ్రీబీఎస్‌డీ మంచిదే. నెట్‌ఫ్లిక్స్ వీడియోలు పంపే సర్వర్లు దాని మీదే నడుస్తాయి, ప్లేస్టేషన్ 4 లోపలిదీ దాన్నుంచి వచ్చిందే. వాళ్ల హ్యాండ్‌బుక్ చదివితే ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరు సగం తేలికైపోతుంది. కానీ ఇన్‌స్టాల్ అంతా అక్షరాల తెరల మీదే. అయ్యాక వచ్చేది నల్లటి తెర, అందులో "లాగిన్" అనే ఒక్క మాట. డెస్క్‌టాప్ కావాలంటే పీకేజీ ఆదేశంతో నువ్వే ఎక్కించుకోవాలి. ల్యాప్‌టాప్ వైఫై విషయంలో లినక్సుతో పోలిస్తే వెనకబడి ఉంది. అందుకని నేరుగా డిస్కు మీద వద్దు. విండోస్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటరు లోపలే ఇంకో కంప్యూటరును నడిపే ప్రోగ్రాము) వేసుకుని అందులో నడుపు. వర్చువల్ మిషన్ల కోసం సిద్ధం చేసిన ఇమేజీలు వాళ్ల సైటులోనే దొరుకుతాయి. పది సార్లు పాడుచేసినా నీ ల్యాప్‌టాప్‌కు ఏమీ కాదు.

ఉబుంటును విండోస్ పక్కన పెట్టే ఆలోచన వచ్చినా ఒక మాట విను. విండోస్ 11 మిషన్లు చాలావాటిలో డిస్కు బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటుంది, ఆ సంగతి వాడేవాళ్లకే తెలియదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ మార్చావంటే మళ్లీ ఆన్ చేసి విండోస్‌లోకి వెళ్లబోతే నీలం తెర 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకో. ల్యాబులో సీ ప్రోగ్రాములు రాయడానికైతే ఇంత తతంగం అక్కర్లేదు. విండోస్‌లోనే లినక్సును నడిపే డబ్ల్యూఎస్ఎల్ అనే సౌకర్యం ఆన్ చేస్తే ఉబుంటు టెర్మినల్ వస్తుంది. సెమిస్టర్ పరీక్షల ముందు వారం పార్టిషన్ల (డిస్కు భాగాల) జోలికి పోవద్దు, ప్రాజెక్టు రిపోర్టు అందులోనే ఉంటుంది.

ప్రశ్న: అమ్మా, కడపలో రిటైరైన తెలుగు పండితుణ్ణి. మనవడు నా కంప్యూటరులో మింట్ పెట్టాడు. తెలుగు టైపు ఎట్లా? పాతికేళ్లుగా డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించుకున్న వ్యాసాలున్నాయి, తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి.

జవాబు: మాస్టారూ, టైపుకు రెండు దారులు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక అలవాటుంటే కీబోర్డు సెట్టింగ్స్‌లో లేఅవుట్ల కింద ఇండియా, తెలుగు అని చేర్చుకోండి, అంతే. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకోవడమే అలవాటైతే మనవణ్ణి ఐబస్, దానికి తోడు ఎం17ఎన్ ప్యాకేజీ వేయమనండి. అందులో ఆర్‌టీఎస్ పద్ధతి ఉంటుంది. ఫాంట్లలో పోతన, వేమన ప్యాకేజీగానే దొరుకుతాయి. మండలి, గిడుగు, గురజాడ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

మీ వ్యాసాలు పాడవలేదు. అను యూనికోడ్ (ఏ మిషనులోనైనా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి) కాదు. అక్కడ నిజంగా దాచి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే, అను ఫాంటు వాటికి తెలుగు రూపం తొడిగింది. ఆ ఫాంటు లేని మిషనులో తొడుగు ఊడిపోయి లోపలివి కనబడుతున్నాయి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఫైళ్లు పేజ్‌మేకర్‌లో ఉంటే ముందు ఆ డీటీపీ సెంటర్లోనే వాటిని తెరిపించి అక్షరాల వరకు టెక్స్ట్ ఫైలుగా తీయించుకోండి, పేజ్‌మేకర్ ఫైళ్లు లినక్సులో తిన్నగా తెరుచుకోవు. మార్చాక ప్రతి పేజీ మీరే చదవాలి. ముఖ్యంగా ఒత్తుల దగ్గర, క్ష, జ్ఞ లాంటి చోట్ల, పద్యాల్లో పాదం విరిగే చోట కన్వర్టర్ తడబడుతుంది. మూల ఫైళ్లను మాత్రం, మార్చడం పూర్తయిందనుకున్నాక కూడా, చెరిపేయకండి.